మేడ మీద లీకు ఒకటే, చెప్పే రేట్లు మూడు: ఇంటి రిపేరు లెక్కలో ఏముంటుంది?

వానలు మొదలై పది రోజులు గడిచేసరికి చాలా ఇళ్లలో వినిపించే మాట: "పడగ్గదిలో మళ్లీ మరక పడింది." మంచం మీద పడుకుని పైకి చూస్తే ఫ్యాన్ పక్కన టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చ. నిరుటి మరక అంచు లోపల ఉంటుంది, ఈ ఏటిది దాన్ని దాటి ఇంకో రెండంగుళాలు పాకి ఉంటుంది.

ఆ మరకను చూపించి ముగ్గురిని అడిగితే మూడు రేట్లు వస్తాయి. తెలిసిన మేస్త్రీ పైకెక్కి చూసి "నాలుగు రోజుల పని, సరుకు మీరు తెచ్చుకోండి" అంటాడు. వాటర్ ప్రూఫింగ్ కంపెనీ మనిషి టేపు పెట్టి కొలిచి, అడుగుకు ఇంత అని లెక్క కట్టి, కొన్నేళ్ల వారంటీ అని కాగితం చేతిలో పెడతాడు. యూట్యూబ్‌లో ఒక కుర్రాడు బకెట్ మూత తీస్తూ ఆదివారం ఒక్కరోజు చాలంటాడు. అన్నిటికన్నా తక్కువ రేటుకూ, ఎక్కువ రేటుకూ దాదాపు మూడు రెట్ల తేడా. ఎవరో ఒకరు మనల్ని ముంచుతున్నారనిపిస్తుంది. చాలాసార్లు ముగ్గురూ నిజమే చెబుతుంటారు. ముగ్గురూ అమ్మేది ఒకే వస్తువు అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతుంది.

రేటు లోపల దాగిన నాలుగు ఖర్చులు

ఏ రిపేరు బిల్లునైనా విప్పితే నాలుగు ముక్కలు దొరుకుతాయి. ఒకటి సరుకు: సిమెంటు, ఇసుక, పైపు, పెయింటు. రెండు కూలి. మూడోది ఏ కొటేషన్‌లోనూ విడిగా రాయరు: అసలు జబ్బేమిటో కనిపెట్టడానికి పట్టే బుర్ర, సమయం. నాలుగోది పూచీ: పని చెడిపోతే రెండోసారి ఎవరి ఖర్చుతో చేస్తారన్నది.

మన దృష్టి ఎప్పుడూ మొదటి ముక్క మీదే ఉంటుంది. షాపులో ధర రాసి ఉంటుంది కాబట్టి అది కళ్లకు కనిపిస్తుంది. కానీ అది నిజానికి ఎంత? గోడకు పెచ్చులూడిన చోట ఒక చదరం, అంటే 100 చదరపు అడుగులు, మళ్లీ ప్లాస్టింగ్ చేయించాలనుకుందాం. పూత మందం 12 మిల్లీమీటర్లు, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక. తడి మాలు సుమారు 4 ఘనపుటడుగులు కావాలి. పొడి సరుకు కలిపి తడిపితే కుదించుకుపోతుంది కాబట్టి దానికి మూడో వంతు కలపాలి. గోడ ఎగుడుదిగుడులు, కింద పడి వృథా అయ్యేది ఇంకో ఐదో వంతు. మొత్తం 6.3 ఘనపుటడుగుల పొడి సరుకు. అందులో ఐదో వంతు సిమెంటు, అంటే 1.26. యాభై కిలోల బస్తాలో పట్టేది దాదాపు 1.23. కాబట్టి బస్తా సిమెంటు, ఐదు ఘనపుటడుగుల ఇసుక.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు ఊరిని బట్టి మారతాయి, ఇక్కడివి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. బస్తా 330, ఇసుక ఘనపుటడుగు 60 చొప్పున 300. సరుకు 630 రూపాయలు. పని ఒక రోజుది అనుకుంటే తాపీ మేస్త్రీకి 1,000, అందించే మనిషికి 700. మొత్తం 2,330లో కూలే 73 శాతం.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇక ఇంటి రిపేర్లు చవక అయిపోతాయని అప్పట్లో చాలామంది లెక్కలేశారు. పన్ను లేకుండా బస్తా 280 అనుకుంటే పాత ధర 358, కొత్త ధర 330. మన చదరం పనిలో మిగిలేది 28 రూపాయలు. మేస్త్రీకీ హెల్పరుకీ చెరో టీ, చెరో సమోసా. వందల బస్తాలు పోసే కొత్త ఇంటికి ఆ తగ్గింపు తెలుస్తుంది, రిపేరు పనికి తెలియదు.

చుక్క పడే చోటు వేరు, నీళ్లు దిగే చోటు వేరు

మూడో ముక్క, జబ్బు కనిపెట్టడం, దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

స్లాబులో దిగిన నీళ్లు నిట్టనిలువునా కిందికి రావు. కాంక్రీటు సరిగా కుదరక లోపల తేనెపట్టులా సందులు మిగిలిన చోట్ల పాకుతాయి. కరెంటు వైర్ల కోసం స్లాబులో వేసిన ప్లాస్టిక్ గొట్టాలు దొరికితే వాటి వెంట నడుస్తాయి. అందుకే చాలా ఇళ్లలో మొదటి చుక్క ఫ్యాన్ హుక్ దగ్గరో, లైటు పాయింటు దగ్గరో పడుతుంది. పైన చూస్తే ఆ చోట పగులు ఉండదు. అసలు పగులు పది అడుగుల అవతల, పిట్టగోడ మొదట్లో ఉండొచ్చు.

అనుభవమున్న మేస్త్రీ ముందు అడిగేది "మరక ఎప్పుడు పెరుగుతుంది?" అని. వాన పడిన కొద్ది గంటల్లో పెరిగి, నాలుగు ఎండలకు ఆరిపోతే అది పైనుంచి దిగే వాన నీరు. మే నెలలోనూ తడి ఆరకపోతే దానికి వానతో పని లేదు, దగ్గర్లో ఏదో నీళ్ల పైపు కారుతోంది, లేదా బాత్రూమ్. గోడకు కింది నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే చెమ్మ ఉండి, పైన పొడిగా ఉంటే అది నేల నుంచి ఇటుకలు పీల్చుకునే నీరు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే. ఇలాంటి గోడ మీద తెల్లగా ఉప్పు పొంగుతుంది. దాన్ని గీకి లప్పం పెట్టి రంగేస్తే ఒక పండగ వరకూ బాగుంటుంది, తర్వాత రంగు బుడగలుగా లేస్తుంది. నీరు గోడ లోపలి నుంచి తోసుకొస్తుంటే బయట వేసిన పూత దాన్ని ఆపలేదు, దాని తోపుడికి తనే ఊడిపోతుంది. లోపలి వైపు సీలింగ్‌కు వాటర్ ప్రూఫ్ పెయింట్ వేస్తే స్లాబు లీకు ఆగకపోవడానికి కారణమూ ఇదే.

బాత్రూమ్‌ది ఇంకో చిక్కు. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబును అడుగు వరకూ కిందికి దించి పోసి, పైపులు వేశాక ఆ గుంటను ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ మధ్య సందుల్లోంచి రోజూ కాసిన్ని నీళ్లు దిగి ఆ గుంటలో చేరుతుంటాయి. పైన చూస్తే అంతా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. కింద మాత్రం చిన్న చెరువు. అది ఏ మూల నుంచి బయటికొస్తుందో చెప్పడం కష్టం.

వీటిని తేల్చడానికి యంత్రాలే కావాలని లేదు. మేడ మీద వాన నీళ్లు దిగే పైపు మూతికి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి ఒకటి రెండు రోజులు కింద గమనించడం పాత పద్ధతి. మేడ మొత్తాన్ని ఒకేసారి నింపకుండా ఇసుక గట్లు కట్టి భాగాలుగా నింపితే ఏ భాగం నుంచి దిగుతోందో తేలుతుంది. పైపు అనుమానమైతే రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీసి పొద్దున్నే చూస్తారు. గోడ చెమ్మ లోపలిదో గదిలోని గాలిదో తెలియాలంటే జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేస్తారు. గోడ వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోది, గది వైపు పడితే గాలిలోది. వీటన్నిటికీ అయ్యే ఖర్చు దాదాపు సున్నా, పట్టే సమయం మూడు నాలుగు రోజులు. ఆ ఓపిక ఎవరికుంది? మేస్త్రీకి రోజు గడవాలి, కంపెనీ మనిషికి సాయంత్రానికి ఇంకో రెండు ఇళ్లు చూడాలి, మనకేమో రేపే పని అయిపోవాలి.

మా ఇంటి కథే చెబుతాను. మూడేళ్ల కిందట మరక చూడగానే స్లాబే కారుతోందని తీర్మానించేసుకుని, వేసవిలో నేనూ మా బావమరిదీ కలిసి మేడంతా తెల్లటి కోటింగ్ వేశాం. మూడు బకెట్లు, రెండు ఆదివారాలు, వారం పాటు నడుం నొప్పి. జులైలో మరక మళ్లీ వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, ట్యాంకు నుంచి దిగే పైపుకు పిట్టగోడ పక్కన మలుపులో ఉన్న ఎల్బో జాయింటు వెంట్రుకంత చీలింది. ఆ నీళ్లు గోడలోకి దిగి స్లాబు అంచు పట్టుకుని గదిలోకి వచ్చేవి. వానల్లోనే మరక పెరగడానికి కారణం, ఎండాకాలంలో ఆ కాసిన్ని నీళ్లు వేడికి పైకే ఆరిపోవడం. ఎల్బో, జిగురు, ప్లంబర్ కూలి కలిపి అయిదొందలు కూడా కాలేదు. తెల్లరంగు వల్ల వేసవిలో పైగది కాస్త చల్లబడిన మాట నిజమే కానీ, అది మేం కొన్న వస్తువు కాదు.

ఈ గందరగోళం మా ఒక్కరిదే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక తెల్ల రంగు మేడల గురించి అందరికీ తెలిసింది. కూల్ రూఫ్ పెయింటు పని ఎండను తిప్పికొట్టడం. వాటర్ ప్రూఫింగ్ కోటింగ్ పని పగులు మీద సాగే పొరలా ఉండి నీటిని ఆపడం. రెండు పనులూ చేసే రకాలున్నాయి, ఒకటే చేసేవీ ఉన్నాయి. బకెట్ రంగు చూసి చెప్పలేం.

ఒకే మేడ, మూడు లెక్కలు

జబ్బు స్లాబుదేనని తేలిందనుకుందాం. మేడ 1,000 చదరపు అడుగులు. కోటింగ్ రెండు పూతలకు లీటరుకు 20 అడుగులు వస్తుందనీ, 20 లీటర్ల బకెట్ 5,000 అనీ అనుకుందాం. 50 లీటర్లు కావాలి, బకెట్లు రెండున్నర అమ్మరు కాబట్టి మూడు: 15,000. పగుళ్లు పూడ్చే మందు, మూలల్లో వేసే ఫైబర్ వల, ఇనుప బ్రష్షులు, రోలర్లు 3,000. సరుకు 18,000.

సొంతంగా చేస్తే ఖర్చు ఇంతే, మన ఆదివారాలు లెక్కలోకి తీసుకోకపోతే. మనుషుల్ని పెడితే పెయింటరుకు 1,000, తోడు మనిషికి 700 చొప్పున నాలుగు రోజులకు 6,800. మొత్తం 24,800. కంపెనీ అడుగుకు 45 అందనుకుంటే 45,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 8,100 కలిపి 53,100. ఏడాదికి 20 లక్షల లోపు పని చేసే మేస్త్రీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోనక్కర్లేదు కాబట్టి అతని రేటులో ఆ ముక్క ఉండదు. చెల్లించే మనకు మాత్రం అది నిజమైన తేడా.

53,100లో నుంచి 24,800 తీసేస్తే మిగిలిన 28,300 దేనికి? పన్ను పోగా 20,200 ఉంటుంది. అందులో సూపర్‌వైజరు, ఆఫీసు, ప్రకటనలు, లాభం, వారంటీ. వారంటీ విలువ ఎంత అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. కంపెనీ వైపు మాట: మేస్త్రీ ఫోన్ నంబరు వచ్చే ఏడాదికి పని చేయకపోవచ్చు, మాకు ఆఫీసు ఉంది, మళ్లీ కారితే మేమే వస్తాం. అటు వైపు మాట: కాగితంలో 'భవనంలో కొత్త పగుళ్లు వస్తే వర్తించదు', 'మేడ మీద మేకు దిగితే వర్తించదు' లాంటి షరతులు మామూలే, కొన్ని వారంటీలు పోయిన సరుకు వరకే ఇస్తాయి, కూలి మళ్లీ మనదే. నా మటుకు నేను, ఏళ్ల సంఖ్య కన్నా ఈ షరతుల్లోనే అసలు ధర ఉందంటాను. కూలి, సరుకు రెండూ భరించే మూడేళ్ల పూచీ, ఒక్క సరుకే ఇచ్చే పదేళ్ల పూచీ కన్నా విలువైనది కావచ్చు.

ముగ్గురి లెక్కలోనూ కనిపించని ఖర్చు ఒకటుంది: వాలు. మేడకు పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. వాలు లేక నీళ్లు మడుగు కట్టే చోట మామూలు యాక్రిలిక్ కోటింగ్ నానినాని పొరలుగా లేస్తుంది. అక్కడ ముందు వాలు సరిచేయాలి, అది వేరే పని, వేరే రేటు.

ఇంకొకటి కాలం. ఈ పూతలకు తళం పొడిగా ఉండాలి, అంటే ఏప్రిల్, మే. మరక కనిపించేది జులైలో. అందరూ జులైలోనే ఫోన్ చేస్తారు, అప్పుడు మనిషి దొరకడు, దొరికితే రేటు వేరు.

రోజు కూలి, గుత్త, అడుగు లెక్క

"రెండు గంటల పనికి రోజు కూలి అడిగాడండీ" అనేది తరచూ వినే ఫిర్యాదు. మేస్త్రీ వైపు నుంచి చూస్తే అది వేరేగా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి అడ్డా మీద నిలబడిన మనిషిని ఆ వేళకే ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. పదకొండింటికి మన పని అయిపోతే మిగతా రోజుకు అతన్ని పిలిచేవాళ్లుండరు. మనం కొంటున్నది రెండు గంటలు, అతను అమ్ముతున్నది ఆ రోజు. అందుకే చిన్న పనులు విడివిడిగా ఖరీదుగా పడతాయి, నాలుగైదు పోగేసి ఒకే రోజు చేయిస్తే చవకవుతాయి.

రోజు కూలి మీద చేయిస్తే పని నెమ్మదిస్తుందన్న భయం మనది. కాస్త నిజమే, కానీ ఎక్కడ ఏం బయటపడుతుందో తెలియని రిపేరుకు ఆ నెమ్మది పనికొస్తుంది కూడా. గుత్తకు ఇస్తే మొత్తం ఇంత అని ముందే ఖాయం కాబట్టి మనకు టెన్షన్ తగ్గుతుంది, కానీ తొందరగా ముగిస్తేనే అతనికి మిగిలేది. ఆరడానికి వదలాల్సిన రోజు, నీళ్లు కొట్టాల్సిన వారం అతనికి నష్టం. అడుగు లెక్కలో కొలత మీద గొడవ: పిట్టగోడ లోపలి వైపు, మూలల్లో గుండ్రంగా తీసిన గోళా, సజ్జ పైభాగం లెక్కలోకి వస్తాయా రావా? వెయ్యి అడుగుల మేడ చుట్టూ పిట్టగోడకు అడుగు ఎత్తు పూత వేస్తేనే నూటపాతిక అడుగులు పెరుగుతుంది. ముందు మాట్లాడుకోకపోతే బిల్లు రోజున తెలుస్తుంది.

సరుకు కొనడంలోనూ ఒక మెలిక ఉంది. పెయింటర్ల కోసం బకెట్లలో టోకెన్లో, క్యూఆర్ కోడ్లో పెట్టే అలవాటు రంగుల కంపెనీలకు ఉంది. ఫలానా బకెట్టే తెమ్మని పెయింటరు పట్టుబట్టడం వెనక ఆ మందు మీద నమ్మకం ఉండొచ్చు, ఆ టోకెన్ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. అది దొంగతనమేమీ కాదు, దుకాణదారుడికి లాభం ఉన్నట్టే. మూడో బకెట్ నిజంగా కావాలా అన్న ప్రశ్నకు మాత్రం దానితో సంబంధం ఉంటుంది.

మన చేత్తో చేస్తే నిజంగా మిగిలేదెంత?

సొంతంగా చేసుకుంటే కూలి మిగులుతుంది, సరుకు మిగలదు. కాబట్టి కూలి వాటా ఎక్కువున్న పనుల్లోనే లాభం ఎక్కువ. ఇది సగం నిజం.

కారే కొళాయి తీసుకుందాం. లోపలి స్పిండిల్ 150, ప్లంబరు వచ్చిపోతే 400. మొత్తం 550లో కూలి 73 శాతం. పైన చూసిన ప్లాస్టింగ్‌లోనూ సరిగ్గా అంతే. కానీ కొళాయి స్పిండిల్ మార్చడం స్పానర్ పట్టుకున్న ఎవరికైనా అరగంటలో వస్తుంది, తప్పు చేస్తే మళ్లీ విప్పొచ్చు. గోడకు మాలు కొట్టి, బద్దతో ఒక మట్టానికి తేవడం చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. మొదటిసారి ప్రయత్నించినవాడి మాలు సగం కాళ్ల దగ్గరే ఉంటుంది.

మేడ కోటింగ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. రోలర్ తిప్పడం కష్టం కాదు, కానీ కూలి వాటా 24,800లో 6,800, అంటే 27 శాతమే. దీని నుంచి ఒక ఆసక్తికరమైన లెక్క వస్తుంది. మన పని చెడితే మనుషుల్ని పెట్టి మొత్తం మళ్లీ చేయించాలనుకుంటే ఆ ఖర్చు 24,800. పెయింటరు పని కన్నా మన పని నూటికి 27 సార్లు ఎక్కువగా చెడితే చాలు, మిగిల్చామనుకున్నదంతా సరాసరిన ఆవిరైపోతుంది. నాలుగింట ఒక్కసారి. పగుళ్లను వీ ఆకారంలో చెక్కకుండా పైపైన పూయడం, దుమ్ము పూర్తిగా వదలగొట్టకపోవడం, మొదటి పూత ఆరకముందే రెండోది వేయడం లాంటి మామూలు తప్పులకు ఆ ఒక్కసారి రావడం కష్టమేమీ కాదు.

ఇదే లెక్క అమెరికాలో తిరగబడుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లు, ఇక్కడ బల్బు కూడా మార్చనివాళ్లు, అక్కడ గోడకు పడిన కన్నం వాళ్లే పూడ్చుకుంటారు, డెక్‌కు వాళ్లే రంగేసుకుంటారు. అక్కడ ప్లంబరు గంటకు వంద డాలర్లు తీసుకోవడం వింతేమీ కాదు, పైగా చెక్క చట్రం మీద జిప్సం బోర్డు బిగించిన గోడ కోయడానికీ, అతకడానికీ అనువుగా ఉంటుంది. అక్కడి వీడియోలు చూసి ఇక్కడి ఇటుక గోడ మీద, ఇక్కడి కూలి రేట్ల మధ్య అంతే మిగులుతుందనుకుంటే లెక్క కుదరదు. సొంత పనిని సమర్థించేవాళ్ల దగ్గర ఇంకో బలమైన వాదన ఉంది, అది డబ్బుది కాదు: ఒకసారి తానే చేసుకున్నవాడికి తన ఇంటి పైపులు ఎటు పోతున్నాయో తెలుస్తుంది, తర్వాత ఎవరూ అతనికి లేని జబ్బు అంటగట్టలేరు. మా రెండు ఆదివారాల్లో నాకు మిగిలింది అదొక్కటే.

పెచ్చుల వెనక తుప్పు, మేడ మీద బరువు

సీలింగ్ నుంచి పెచ్చులూడి లోపలి ఊచలు కనిపిస్తే అది వేరే తరగతి సమస్య. మంచి కాంక్రీటులోని క్షారగుణం వల్ల ఇనుము మీద ఒక కాపుదల పొర ఉంటుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరాల్లో ఉప్పు గాలి ఆ పొరను ఇంకా ముందే ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. దాన్ని కప్పి ఉంచే కాంక్రీటు స్లాబులో 20 మిల్లీమీటర్లే ఉంటుంది, ఆ ఒత్తిడికి ఊడిపోతుంది. పెచ్చులు ఊడటం జబ్బు కాదు, లోపలి జబ్బుకు గుర్తు. ఆ చోట సిమెంటు పూసి రంగేస్తే తుప్పు లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఊచ ఎంత సన్నబడిందో చూసి చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆయన ఫీజు అదనపు ఖర్చులా కనిపిస్తుంది, కానీ అది జబ్బు కనిపెట్టే మూడో ముక్క ధరే.

లీకు ఆపడానికి మేడ మీద ఇంకో పొర సిమెంటు మాలు పోయడం మన దగ్గర బాగా అలవాటు. దాని బరువు ఎవరూ అడగరు. వెయ్యి అడుగుల మేడ మీద రెండంగుళాల మాలు అంటే సుమారు 4.7 ఘనపు మీటర్లు, బరువు పది టన్నుల దగ్గర. చదరపు మీటరుకు నూరు కిలోల పైన. మనుషులు తిరిగే మేడకు, వాళ్లూ వస్తువులూ కలిపి ఉండే బరువు కింద భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలే. డిజైన్ చేసేటప్పుడు తళం పూతకు కొంత బరువు విడిగా కలుపుతారు, కాబట్టి ఒక పొరకే ఇల్లు కూలదు. కానీ పదిహేనేళ్ల కిందట ఒక పొర, ఎనిమిదేళ్ల కిందట ఒకటి, ఇప్పుడు ఇంకొకటి పోసిన మేడలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇటుక ముక్కలు పరిచి మాలుతో కప్పే కోబా అయితే ఇంకా మందం, ఇంకా బరువు. చవక రిపేరుగా కనిపించేది స్లాబు మీద అప్పుగా మిగులుతోంది.

కరెంటు పని దగ్గర చట్టమే గీత గీసింది. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు, మామూలు గృహోపకరణాలు ఉన్నవాటి స్థానంలో అలాంటివే మార్చుకోవడానికి మినహాయింపు ఉంది. కొత్త పాయింటు వేయడం, వైరింగ్ మార్చడం, లోడ్ పెంచడం లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పని.

ఇల్లు ఒకరిది, లీకు ఇంకొకరిది

ఇప్పటివరకూ జేబు మనదే అనుకున్నాం. ఎప్పుడూ అలా ఉండదు.

కొత్త ఫ్లాట్ అయితే, రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016, సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం చేసిన రోజు నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలోనో, పనితనంలోనో లోపం బయటపడి బిల్డర్‌కు తెలియజేస్తే, 30 రోజుల్లో అతని ఖర్చుతోనే సరిచేయాలి. ఇక్కడే సొంత రిపేరుకు ఒక చిక్కు వస్తుంది. ఫిర్యాదు చేయకముందే మనమే చెక్కి, పూసి, రంగేస్తే లోపం ముందు నుంచీ ఉందా, మన పని వల్ల వచ్చిందా అన్న వాదనకు తావిచ్చినట్టే.

అద్దె ఇల్లయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పనికొస్తుంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని సెక్షన్ 108 చెబుతుంది. అద్దె ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. ఓనరు వైపు లెక్క ఇంకోలా ఉంటుంది: అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా 30 శాతం మినహాయింపు, అతను రిపేరుకు రూపాయి పెట్టినా లక్ష పెట్టినా ఒకటే. సొంతంగా ఉంటున్న ఇంటి రిపేరుకు అప్పు తీసుకుంటే పాత పన్ను విధానంలో వడ్డీ మీద ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పుకైతే ఆ పరిమితి 2 లక్షలు.

అపార్ట్‌మెంట్లలో అసలు పేచీ వేరు. పై కప్పు అందరి ఉమ్మడి ఆస్తి అని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెబుతుంది కాబట్టి మేడ కారితే తడిసేది పై అంతస్తు ఫ్లాటే అయినా ఖర్చు అసోసియేషన్‌ది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మాకేం సంబంధం" అనే మీటింగ్ ఒకటి ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ జరిగే ఉంటుంది. రెండు ఫ్లాట్ల మధ్య బాత్రూమ్ లీకు ఇంకా తెగదు. పైవాళ్లు "మా బాత్రూమ్ పొడిగానే ఉంది, కావాలంటే వచ్చి చూసుకోండి" అంటారు, అది అబద్ధమూ కాదు. షాఫ్ట్‌లో, అంటే పైపుల కోసం వదిలిన ఖాళీలో, దిగే ఉమ్మడి పైపు కారుతుంటే ఖర్చు అందరిది, పైవాళ్ల టైల్స్ కింది నుంచి దిగుతుంటే వాళ్లది.

తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో ఏడాదిన్నర నడిచిన ఇలాంటి తగాదాను ఒక ముసలి ప్లంబరు తేల్చాడు. పై బాత్రూమ్ నీళ్లు పోయే జాలీకి గుడ్డ కట్టి, బకెట్ నీళ్లలో జిలేబీకి వేసే నారింజ రంగు కలిపి నేల మీద పోసి, రేపు వస్తానని వెళ్లిపోయాడు. మర్నాడు రెండు ఇళ్లవాళ్లూ కింది బాత్రూమ్‌లో తలలెత్తి నిలబడ్డారు. సీలింగ్ మూలన, పైపుకు నాలుగడుగుల దూరంలో, లేత నారింజ రంగు చుక్క ఒకటి వేలాడుతోంది.